కఱవుసీమలో అచ్చక్షరము

వేమన పద్యములు చిరకాలము తాటాకులయందును జనుల నాలుకలయందును నిలిచి, 1829లో బ్రౌను పూనికచే అచ్చునెక్కినవి. ఆ కవి సమాధి గల కదిరి ప్రాంతము నాడు చేరియుండిన అనంతపురము జిల్లాలో, 1926లో పప్పూరు రామాచార్యులు 'శ్రీ సాధన పత్రిక'ను వారపత్రికగా వెలువరించి, వానలు తప్పిన మెట్టపొలముల గోడును, గుణింతములు వత్తులు ఒక్కొక్కటిగా చేతితో కూర్చిన అక్షరములలో, చెన్నపట్టణపు ప్రభువుల చెవికెక్కింప జూచుట, నా మతమున, చెఱువు త్రవ్వించుటకు తీసిపోని కార్యము. నేడు ఎండిన బోరుబావి చిత్రము సెల్‌ఫోనులో క్షణమున ఊరూరు తిరిగి మఱునాటికి మఱపున పడును. వారపత్రిక యన్ననో, ఆలస్యముగా వచ్చియు సాక్ష్యమై నిలుచును. అట్టి పాత సంచికలు మీ యింట నున్నచో చెదలపాలు సేయక జిల్లా గ్రంథాలయమున కప్పగింపుడు.