మూడో తరగతిలోనే తేల్చండి

అక్షరాలు విడిగా చూపిస్తే గుర్తుపడతాడు. గుణింతం, ఒత్తు కలిసి పదమయ్యేసరికి ఆగిపోతాడు. నిన్న కూడబలుక్కుని చదివిన మాటే ఇవాళ మళ్లీ కొత్తదవుతుంది. అదే పాఠం సారు చదివి వినిపిస్తే మాత్రం ప్రశ్నలన్నింటికీ నోటితో టకటకా జవాబిస్తాడు. ఇలాంటి పిల్లవాడికి మన బడులు ఇచ్చే బిరుదు ‘మొద్దు’. ఆ ఇబ్బందికి అసలు పేరు డిస్లెక్సియా కావచ్చు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. వీలైనంత త్వరగా గుర్తించే బాధ్యతను బడి మీదే పెట్టింది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు వంటి సవరణలు చేయాలంది. మూడో తరగతిలో లేదా ఎనిమిదేళ్లకు టీచరే తొలి పరిశీలన జరపాలని ఆ చట్టం కింద వచ్చిన 2018 జనవరి మార్గదర్శకాలు చెప్పాయి. ఆ పని పదో తరగతి హాల్‌టికెట్ల వేళ దాకా వాయిదా పడితే చట్టం ఉండీ లేనట్టే.

ఆదిలాబాద్‌లో చిక్కు ఇంకా లోతైనది. ఇంట్లో గోండి, కొలామి మాట్లాడే పిల్ల బడిలో తెలుగు చదవలేకపోతే కారణం భాష కావచ్చు, డిస్లెక్సియా కావచ్చు. తెలుగు ప్రశ్నపత్రంతో పరీక్షిస్తే భాష రాని పిల్లకు వైకల్యం ముద్ర పడుతుంది. నిజంగా సాయం కావలసిన పిల్లను ‘మెల్లగా అదే వస్తది లే’ అని వదిలేస్తారు. రెండూ అన్యాయమే. అందుకే పరిశీలన పిల్ల ఇంటి భాషలో, నోటిమాటగా మొదలవ్వాలి. ఉట్నూరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో ఆ భాషలొచ్చిన టీచర్లకే ముందు శిక్షణ ఇవ్వాలి.

ఇక పరీక్షల్లో ఆ సవరణలకు అడిగే వైకల్య ధ్రువపత్రం. కరీంనగర్ చుట్టుపక్కల బీడీలు చుట్టే తల్లి పిల్లవాణ్ని వెంటేసుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగితే ఆ రోజుల కూలి పోయినట్టే. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ ఆసుపత్రికి వెళ్లాలంటే సుమారు 300 కిలోమీటర్లు. క్లినికల్ సైకాలజిస్టే నెలకోసారి ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మండల భవిత కేంద్రానికి రావాలి. అప్పటిదాకా తరగతిలో టీచరు ప్రశ్నలు చదివి వినిపించడానికి, నోటి జవాబు తీసుకోవడానికి ఏ ధ్రువపత్రమూ అక్కర్లేదు.

పుస్తకాల సంగతీ తేల్చాలి. అచ్చు చదవలేని వారికి అనువైన ప్రతులు తయారు చేయడానికి కాపీరైట్ చట్టం 2012లోనే దారి తెరిచింది. ఇదే ఆశయంతో కుదిరిన మర్రాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మనమే! అయినా పాత ఫాంట్లలో కూర్చిన తెలుగు పీడీఎఫ్‌ను ఫోన్‌తో చదివించబోతే గజిబిజి వినిపిస్తుంది. పాఠ్యపుస్తకాలన్నీ యూనికోడ్‌లో, ఆడియోతో సహా రావాలి.

సిబ్బంది లేరన్న జవాబు వస్తుంది. అయితే భవిత కేంద్రాల ఖాళీలు ముందు నింపండి. మూడో తరగతిలో ఎందరిని పరిశీలించారు, ఎందరికి ధ్రువపత్రం ఇచ్చారు, ఎందరికి సాయం అందింది? ఆదిలాబాద్, కరీంనగర్ ఉమ్మడి జిల్లాల పరిధిలోని కలెక్టర్లు మండలాల వారీగా ఈ లెక్కను ఈ విద్యాసంవత్సరంలోనే ప్రజల ముందు పెట్టాలి.