ల్యూక్ ఓడిపోతే అభిమానికి కోపమెందుకు?

2017 డిసెంబరు 15న వచ్చిన ‘ద లాస్ట్ జెడై’ స్టార్ వార్స్ పాత అభిమానులకు ద్రోహం చేసిందనే మాట ఇప్పుడు సాక్ష్యం అడగనక్కర్లేని తీర్పులా చలామణీ అవుతోంది. సినిమా చూడనివాళ్ళు కూడా అదే అంటారు. హోసూరు ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి వచ్చే కుర్రాళ్ళ నోట విన్నాను, పండక్కి బెంగళూరు నుంచి సామల్పట్టికి వచ్చే ఇంజినీర్ల నోట విన్నాను. వీళ్ళలో చాలామంది పుట్టకముందే, పాత మూడు సినిమాలనీ బొమ్మ వణికే వీడియో క్యాసెట్లలో చూసినవాణ్ణి నేను. అభిమానానికి సీనియారిటీ ఉంటే నాకూ కొంత ఉంది. ఆ చనువుతోనే అంటున్నాను, ఈ తీర్పు తప్పు.

అభియోగం ఏమిటో ముందు చూద్దాం. 1977లో ఎడారి గ్రహం నుంచి బయల్దేరిన కుర్రాడు ల్యూక్ స్కైవాకర్, 1983లో ‘రిటర్న్ ఆఫ్ ద జెడై’ నాటికి చక్రవర్తిని ఎదిరించాడు, తండ్రి డార్త్ వేడర్‌ను చీకటి నుంచి వెనక్కి లాగాడు. ముప్పై ఏళ్ళ తర్వాత, రియాన్ జాన్సన్ తీసిన ‘ద లాస్ట్ జెడై’లో అతను ఒక దిక్కుమాలిన దీవిలో దాక్కున్న ముసలివాడు. రే అనే పిల్ల లోకాన్ని కాపాడమంటూ అతని పాత లైట్ సేబర్ తెచ్చి చేతికిస్తే, ఒకసారి చూసి భుజం మీదుగా వెనక్కి విసిరేస్తాడు. పైగా, తన దగ్గర చదువుకుంటున్న మేనల్లుడిలో చీకటి కనిపించి, నిద్రపోతున్న ఆ కుర్రాడి మీద ఒక్క క్షణం కత్తి వెలిగించినవాడు. ఆ ఒక్క క్షణం వల్లే మేనల్లుడు చీకటి వైపు పోయి కైలో రెన్ అనే విలన్ అయ్యాడు. ‘మా ల్యూక్ ఇలాంటివాడు కాదు’ అని అభిమానుల గోల. ఆ వేషం వేసిన మార్క్ హామిల్ కూడా దర్శకుడి ఆలోచన తనకు నచ్చలేదని బయటికే అన్నాడు. ఆ మాట బయట అనకుండా ఉండాల్సిందని తర్వాత తనే చెప్పుకున్నాడు. అభిమానులు మొదటి మాట పట్టుకున్నారు, రెండోది వదిలేశారు.

ఇందులో జ్ఞాపకశక్తి లోపం కూడా ఉంది. 1983 సినిమాలో, చెల్లెలి పేరెత్తి వేడర్ రెచ్చగొట్టగానే ల్యూక్ ఒళ్ళు మరిచి కొట్టాడు, తండ్రి చెయ్యి నరికాడు, ఆ తర్వాతే ఆగాడు. ఆగి ఏం చేశాడు? చక్రవర్తి కళ్ళ ముందే లైట్ సేబర్ అవతల పారేశాడు. అంటే భయంతో కత్తి ఎత్తడమూ, తెలివొచ్చాక దాన్ని విసిరెయ్యడమూ రెండూ పాత సినిమాలోనివే. జాన్సన్ కొత్తగా పెట్టింది వయసు. అప్పుడు ఆగిన క్షణం అతన్ని వీరుణ్ణి చేసింది. ఈసారీ ఆగాడు గానీ, అప్పటికే ఆ పిల్లవాడు కళ్ళు తెరిచాడు.

ఈ గోల అమెరికావాళ్ళు చేస్తే అర్థం చేసుకోగలను. మన పక్క కుర్రాళ్ళు చేస్తేనే వింత. కృష్ణగిరి, ధర్మపురి, అటు కుప్పం, చిత్తూరు దాకా ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుళ్ళలో భారతం పెడతారు. పగలు కథ చెబుతారు, రాత్రి కూత్తు ఆడతారు. అర్జునుడి వేషగాడు తపసు మాను ఎక్కుతాడు. చివరి రోజు మట్టితో పోసిన నిలువెత్తు దుర్యోధనుణ్ణి పడగొడతారు, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది, సాయంత్రం గుండం తొక్కుతారు. వీధిలో ఆట అక్కడితో ముగిసిపోతుంది. గెలిచిన చోట ఆపడం తిరునాళ్ళకు న్యాయమే. ‘రిటర్న్ ఆఫ్ ద జెడై’ కూడా అక్కడే ఆగింది, మంటలేసుకుని చుట్టూ గంతులేస్తూ.

తిక్కన అక్కడ ఆగలేదు. స్త్రీపర్వం రాశాడు, మౌసలం రాశాడు. మౌసలంలో ఏముంది? యాదవులు ఒకరినొకరు కొట్టుకు చచ్చారు, కృష్ణుడు బోయవాడి బాణానికి పోయాడు. ద్వారకలో మిగిలిన ఆడవాళ్ళను వెంటబెట్టుకుని అర్జునుడు బయల్దేరితే దారిలో దొంగలు పడ్డారు. వాళ్ళ చేతుల్లో ఉన్నవి కర్రలు. ఖాండవం కాల్చినవాడు, శివుడితో పెనుగులాడినవాడు, ఆ రోజు గాండీవం ఎక్కుపెట్టడానికే ఆపసోపాలు పడ్డాడు. దివ్యాస్త్రాలు గుర్తుకు రాలేదు. తరగని అమ్ములపొదిలో అమ్ములు అయిపోయాయి. వింటికొనతో కొట్టాడు పాపం. కళ్ళ ముందే ఆడవాళ్ళను ఎత్తుకుపోయారు. తర్వాత మహాప్రస్థానంలో అగ్నిదేవుడు ఎదురొచ్చి అడిగితే ఆ గాండీవాన్ని నీళ్ళలోకి విసిరేశాడు.

‘మా అర్జునుడు ఇలాంటివాడు కాదు’ అని తిక్కన మీద ఎవడూ దండెత్తలేదు. ఇది విన్న తాతలు మరుసటేడు కూడా తపసు మాను కింద ముందు వరసలో కూర్చున్నారు. అర్జునుడు ఓడిపోతే వాళ్ళు ఓడిపోయినట్టు అనుకోలేదు. కర్రలు పట్టుకున్న దొంగల ముందు అతను నిలవలేకపోవడంలో తమ ముసలితనాన్ని చూసుకుని ఉంటారు. జాన్సన్ సినిమాలో నాకు కనిపించిందీ అదే. సీక్వెల్ అంటే గెలిచిన రోజును మళ్ళీ చూపించడం కాదు, గెలిచిన తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం. అది చెప్పే ధైర్యం లేనప్పుడు సీక్వెల్ ఎందుకు, పాత సినిమానే రీ-రిలీజ్ చేసుకోవచ్చు.

రెండో గొడవ రే పుట్టుక గురించి. 2015లో జె. జె. ఏబ్రమ్స్ తీసిన ‘ద ఫోర్స్ అవేకెన్స్’ నుంచీ అభిమానులు లెక్కలు కట్టారు. ఇంత శక్తి ఉన్న పిల్ల ఎవరి బిడ్డ? ల్యూక్ కూతురా, అతని గురువు ఒబీ-వాన్ మనవరాలా? జాన్సన్ ఇచ్చిన జవాబు ఒక్కటే, ఎవరి బిడ్డా కాదు. తాగుడు డబ్బుకి బిడ్డను అమ్ముకున్న అనామకుల పిల్ల. దాంతో కొంపలు మునిగాయి. కుమారాస్త్ర విద్యాప్రదర్శనలో కృపాచార్యుడు లేచి, నీ వంశం ఏమిటో చెప్పి ఆ తర్వాత అర్జునుడితో తలపడు అని కర్ణుణ్ణి అడిగిన ప్రశ్న ఉంది చూశారూ, అభిమానులు అడిగింది అక్షరాలా అదే. ఆ సభలో కృపుడి పక్షాన చప్పట్లు కొట్టేవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారు? మరి ఇక్కడెందుకు కొట్టారు?

కర్ణుడూ చివరికి రాణి బిడ్డే కదా అంటారు. నిజమే. అయితే ఆ రహస్యం బయటపడి కర్ణుడికి ఒరిగింది ఏమీ లేదు, ఇంకా నలిగిపోయాడు. 2019లో ఏబ్రమ్స్ తిరిగొచ్చి ‘ద రైజ్ ఆఫ్ స్కైవాకర్’లో రేను పాల్పటీన్ చక్రవర్తికి మనవరాలిని చేసింది అందుకు కాదు. లెక్కలు కట్టుకున్నవాళ్ళకు లెక్క అప్పజెప్పడానికి. 1983లోనే చచ్చిన చక్రవర్తిని లేపుకొచ్చారు కూడా. ఎలా బతికాడో సరిగ్గా చెప్పే శ్రద్ధ కూడా పెట్టలేదు.

మూలంలో లేనిది కలపకూడదంటారా? వ్యాసుడి భారతంలో శశిరేఖే లేదు. ఆ లేని పిల్ల పెళ్ళి కోసమే 1957లో కె. వి. రెడ్డి ‘మాయాబజార్’ తీశాడు, అందులో పాండవులు ఒక్క సీన్లో కూడా కనబడరు. పాండవులు లేని భారతం! తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి తీశారు కాబట్టి మా పక్క రెండూ చూసినవాళ్ళున్నారు. మా పాండవులేరీ అని కుర్చీలు విరగ్గొట్టినట్టు ఎవరూ చెప్పుకోరు. స్టార్ వార్స్‌ను పుట్టించిన జార్జ్ లూకాస్ కూడా చేసింది అదే. ‘ఫ్లాష్ గోర్డన్’ హక్కులు దొరక్కపోతే సొంత కథ అల్లుకున్నాడు, ఇద్దరు అల్పుల కళ్ళతో యుద్ధాన్ని చూపించే ఉపాయం కురొసావా ‘ద హిడెన్ ఫోర్ట్రెస్’ నుంచి తెచ్చుకుని రెండు రోబోలకు అప్పజెప్పాడు. అలా పుట్టిన కథ మీద ఇప్పుడు పట్టా ఎవరిది?

పట్టా తమదే అనుకున్నవాళ్ళు చేసిన పని సినిమాకంటే ఏవగింపుగా ఉంది. రోజ్ అనే మెకానిక్ పాత్ర వేసిన కెల్లీ మేరీ ట్రాన్, వియత్నాం నుంచి వచ్చిన శరణార్థుల బిడ్డ. ఆమె రంగు మీద, రూపం మీద పడి తిట్టి తిట్టి, 2018లో ఆమె ఇన్‌స్టాగ్రామ్ ఖాళీ చేసుకుని వెళ్ళేదాకా వదల్లేదు. ఇది కొత్త రోగం కూడా కాదు. 1999 నాటి స్టార్ వార్స్ సినిమాలో జార్ జార్ బింక్స్ వేషం వేసిన అహ్మద్ బెస్ట్, ఆ తిట్లకు ప్రాణం తీసుకోవాలనిపించిందని 2018లో చెప్పుకున్నాడు. ఒక నటుడి ప్రాణం మీదికి తెచ్చేదాన్ని అభిమానం అనడానికి నాకు నోరు రాదు. తర్వాతి సినిమాలో రోజ్‌కు మిగిల్చింది, రెండు గంటల ఇరవై నిమిషాల పైచిలుకులో ఒకటిన్నర నిమిషమైనా లేదు. తిట్టినవాళ్ళ మాటే నెగ్గింది.

‘ద లాస్ట్ జెడై’లో లోపాలు లేవనను. జూదగాళ్ళ ఊరు కాంటో బైట్‌లో నడిచే భాగం సాగదీత, అక్కడ నాకూ ఆవులింతలొచ్చాయి. అడ్మిరల్ హోల్డో తన పథకం ఏమిటో పైలట్ పో డామరన్‌కు ఒక్క మాట చెబితే సగం గందరగోళం ఉండేదే కాదు. వీటి మీద తగువు పడండి, నేనూ వస్తాను. కాని ల్యూక్ మీద పడకండి. ఆ దీవి నుంచి కదలకుండా, తన రూపాన్ని మాత్రం ఎర్రమన్ను ఎగజిమ్మే ఉప్పునేల మీద నిలబెట్టి, మొత్తం సైన్యాన్ని ఆపి, ఒక్క ప్రాణం కూడా తీయకుండా తనవాళ్ళను తప్పించాడు. నలభై ఏళ్ళ కథలో జెడై అన్నవాడు జెడైలా ప్రవర్తించిన సందర్భం దీన్ని మించింది నాకు కనబడదు. పిరికివాడిగా చూపించారన్నవాళ్ళు చివరి అరగంట నిద్రపోయారేమో.

ఇక ‘ప్రేక్షకులు తిప్పికొట్టారు’ అనే మాట. విడుదల రోజు అమెరికాలో థియేటర్ల దగ్గరే ప్రేక్షకుల్ని అడిగి గ్రేడు కట్టే సినిమాస్కోర్ సంస్థ లెక్కలో ‘ద లాస్ట్ జెడై’కి ఎ వచ్చింది. అడిగినవన్నీ వడ్డించిన 2019 సినిమాకు బి ప్లస్. వసూళ్ళు మొదటిదానికి ప్రపంచం మొత్తం మీద సుమారు 133 కోట్ల డాలర్లు, రెండోదానికి సుమారు 107 కోట్లు. అలిగినవాళ్ళను బుజ్జగించడానికి తీసిన సినిమాను ఆ అలిగినవాళ్ళే మెచ్చుకోలేదు. ఇప్పుడు దాన్ని తిట్టేది కూడా వాళ్ళే. 2017 నవంబరులో జాన్సన్ చేతికి స్కైవాకర్లతో పనిలేని కొత్త మూడు సినిమాలు ఇస్తున్నామని లూకాస్‌ఫిల్మ్ ప్రకటించింది. వాటిలో ఒక్కటీ మొదలు కాలేదు. పాత అభిమానిగా నాకున్న కోపం ఏదైనా ఉంటే, అదిగో, దాని మీద.