అడవిదున్న అంటే ఏ దున్న?

విశాఖ జూపార్కులో అడవిదున్నను చూసే ఉంటారు. గాజువాక రోడ్ల మీద గేదెల్ని రోజూ చూస్తూనే ఉంటారు. ‘ఇది ఇంటి గేదె, అది అడవి గేదె, అంతేగా’ అనుకుంటే మాత్రం పరీక్షలో ఒక మార్కు పోయినట్టే.

చిక్కంతా మన మాటలోనే ఉంది. గౌర్, అడవి నీటిగేదె, అమెరికా బైసన్... మూడింటినీ తెలుగులో అడవిదున్న అనే రాసేస్తాం. పేరు ఒకటే అయినప్పుడు తేడా చెప్పేది ఆవాసమే.

జూలో మీరు చూసింది గౌర్. అది గేదె కాదు, ఆవుకు దగ్గరి బంధువు. కొండ అడవులు, వెదురు పొదలు దాని చోటు. మన రాష్ట్రంలో పాపికొండల జాతీయ పార్కు దీనికి ఆవాసం. గోవా, బిహార్‌ల రాష్ట్ర జంతువు ఇదే.

మన పాల గేదెకు మూలం అడవి నీటిగేదె. గేదెలకు చెమట గ్రంథులు తక్కువ, చర్మమేమో నలుపు. నీళ్లు, బురద లేకపోతే ఎండకు తట్టుకోలేవు. అందుకే నది పక్కన వరద వచ్చే పచ్చికబయళ్లే వీటి ఇల్లు. ప్రపంచంలో 4,000 లోపే మిగిలాయి. వాటిలో ఎక్కువ భాగం అస్సాంలోని కాజీరంగా, మానస్ ప్రాంతాల్లోనే ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువు ఇదే అయినా అక్కడ ఉన్నవి చాలా తక్కువ.

ఇంటి గేదెల్లోనూ చోటును బట్టి తేడాలున్నాయి. ఒడిశాలో చిలికా గేదెలు ఉప్పునీటి సరస్సులో దిగి గడ్డి మేస్తాయి. కచ్ ఎండల్లో బన్నీ గేదెలు రాత్రిపూట మేతకెళ్తాయి. ఇక విదేశాలకొస్తే, ఆఫ్రికా కేప్ గేదెది సవన్నా గడ్డిమైదానం. తమరావ్ ఫిలిప్పీన్స్‌లోని మిండోరో దీవిలో తప్ప ఎక్కడా ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సంతతి పెంచడానికి ఛత్తీస్‌గఢ్ 2020లో 2, 2023లో మరో 4 నీటిగేదెల్ని మానస్ నుంచి బార్నవాపారా అభయారణ్యానికి తెచ్చింది. తడి పచ్చికబయళ్ల జంతువును ఆకురాల్చే పొడి అడవికి తేవడం సరైనదేనా? రెండు ప్రాంతాల సంతతిని కలపొచ్చా? వన్యప్రాణి ప్రేమికులు లేవనెత్తిన అభ్యంతరాలివే. అలాగని ఏమీ చేయకుండా ఊరుకుంటే మధ్య భారతంలో ఈ జాతే మిగలకపోవచ్చు.

అటవీశాఖ ఉద్యోగాలకో, గ్రూప్-1కో చదువుతున్నారా? ఇలాంటి అంశంపై వ్యాసం రాయమంటే ‘మంచిదే’ అనో ‘తప్పే’ అనో తేల్చేయకండి. వేసవిలో నీళ్లుంటాయా? సరిపడా గడ్డి ఉందా? ఊరి పశువుల నుంచి రోగాలు, సంకరం రాకుండా ఆపగలమా? ఈ మూడు ప్రశ్నల మీద జవాబు కట్టండి. పేర్ల జాబితా అందరూ బట్టీ పడతారు. ఆ జంతువు అక్కడే ఎందుకు బతుకుతుందో చెప్పగలిగితే మీ జవాబు వేరుగా నిలుస్తుంది.