కూతకెళ్లే కుర్రాడి బరువు

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. కబడ్డీలో కూతకు వెడితే ఒకరిద్దరినైనా అవుట్ చేయందే తిరిగి రాడు. ఎప్పటికైనా ప్రో కబడ్డీలో ఆడాలని వాడి పట్టుదల. వచ్చే ఆదివారం బందరులో బాలుర జట్టు ఎంపిక ఉంది. ఉండాల్సిన బరువుకన్నా వీడు రెండు కిలోలు ఎక్కువ. నాలుగు రోజులు అన్నం, నీళ్లు మానేసి, స్వెట్టరు వేసుకుని పరుగెత్తితే తగ్గుతుందనీ, విరేచనాల మాత్ర కూడా వేసుకోమనీ తోటివాళ్లు చెప్పారట. వాళ్ల నాన్నగారు సరేనన్నారు. నాకు భయంగా ఉంది. పైగా రెండు నెలలుగా మోకాలి చిప్ప కింద నొప్పి అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, అవనిగడ్డ

జవాబు: మీ భయం సరైనదేనమ్మా. ఆ పని చేయనివ్వకండి. ఈ జవాబు వాళ్ల నాన్నగారికి కూడా చదివి వినిపించండి.

నాలుగు రోజుల్లో అలా తగ్గేది కొవ్వు కాదు, చాలావరకు నీరు. ఒంట్లో నీరు తగ్గితే రక్తం పరిమాణం తగ్గుతుంది, గుండె వేగంగా కొట్టుకోవాలి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. విరేచనాలతో లవణాలు కూడా పోయి గుండె లయ తప్పవచ్చు. మన దివిసీమ గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది గాని ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. దాని మీద స్వెట్టరు కూడా వేస్తే వడదెబ్బను పిలిచినట్టే. 1997లో అమెరికాలో ఇలాగే బరువు తగ్గించుకోబోయి అయిదు వారాల లోపల ముగ్గురు కాలేజీ కుస్తీ యువకులు చనిపోయారు. వాళ్లంతా ఆరోగ్యవంతులే.

పదిహేనేళ్ల వయసులో పిల్లలు ఎత్తూ బరువూ పెరగాలి. మీవాడికి ఎక్కువైన ఆ రెండు కిలోలు బహుశా ఎముకా కండా అయి ఉంటాయి. వాటిని కరిగించడం ఆటకే నష్టం. ఈ ఏడాది ఎంపిక పోతే పోనివ్వండి. పై వయసు జట్లకు బరువు పరిమితి కూడా ఎక్కువే ఉంటుంది.

ఇక మోకాలు. పరుగు, గెంతు ఎక్కువగా ఉండే ఆటలు ఆడే ఈ వయసు పిల్లల్లో చిప్ప కింద ఎముక మీద నొప్పి, చిన్న బొడిపె రావడం మామూలే. దీన్ని ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. అక్కడ ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడదు. తొడ కండరం లాగినప్పుడల్లా నొప్పి పుడుతుంది. కొన్ని వారాలు గెంతులు తగ్గించి, ఆట తర్వాత గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టి, తొడ కండరాలు సాగే వ్యాయామం చేయిస్తే నెమ్మదిస్తుంది. ఎదుగుదల ఆగాక చాలామందికి పూర్తిగా పోతుంది. అయితే మోకాలు వాచినా, బిగుసుకుపోయినా, కుంటుతున్నా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా ఆలస్యం చేయక గుడివాడలోనో బందరులోనో ఎముకల డాక్టరుకు చూపించండి. నొప్పి మాత్ర వేసి ఆడించవద్దు.

విశ్రాంతి తీసుకుంటే అవకాశం పోతుందని మీవాడు బాధపడవచ్చు. పవన్ సెహ్రావత్ సంగతి చెప్పండి. 2022లో తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు కొన్న ఈ కూతగాడు మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి ఆ సీజనంతా ఆడలేకపోయాడు. కోలుకుని వచ్చి 2023 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన మన జట్టుకు నాయకుడయ్యాడు. ఆ ఏడాదే తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షలకు పైగా ఇచ్చి తీసుకుంది.

మీరు చేయవలసినవి:

1. వారానికి కనీసం ఒక రోజు ఆటకు పూర్తి సెలవు. వారంలో ఆట, సాధన కలిపి పదిహేను గంటలు మించనివ్వకండి.

2. రాత్రి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర.

3. రోజూ గుడ్డు, పప్పు, పెరుగు, కుదిరినప్పుడు చేప. సున్నుండ కూడా మంచిదే. డబ్బాల్లో అమ్మే కండల పొడులు అనవసరం. కొన్నిటిలో నిషేధించిన మందులు కలిసి ఉంటాయి. పరీక్షలో దొరికితే ఆటకే దూరం కావాలి.

4. సాధనకు ముందూ తర్వాతా బరువు చూడండి. కిలో తగ్గితే లీటరు నీరు పోయినట్టు. ఉప్పు వేసిన మజ్జిగ, మంచినీళ్లు ఇచ్చి ఆ లోటు తీర్చండి.

ఆడుతూ కళ్లు తిరిగినా, మాట తడబడినా వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసరండి. ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆదివారం బందరు తప్పకుండా వెళ్లనివ్వండి. కడుపునిండా తిని వెళ్లి, పెద్దవాళ్ల ఆట చూసి రమ్మనండి.