ఎక్కించే ఫోర్ వీల్ దింపుతుందనుకోకండి



పైన వీడియోలో చూసిన కాలువ గట్టు మా పొలం దారి. నిమ్మాడలో హైవే దిగి, సిమెంటు రోడ్డు దాటాక, చివరి అర కిలోమీటరు ఈ మట్టి గట్టు మీదే వెళ్లాలి. వీడియో ఎండలో తీశాం కాబట్టి మీకు మామూలు దారిలాగే కనిపిస్తుంది. వాన పడితే మాత్రం పైన రెండంగుళాలు బంక, కింద గట్టి నేల. చెప్పులేసుకుని నడవలేం.

ట్రాక్టర్ ఫోర్ వీల్ తీసుకోవాలా, టూ వీల్ సరిపోతుందా అని చాలామంది అడుగుతున్నారు. కొనడం గురించి తర్వాత మాట్లాడదాం. ఉన్న ఫోర్ వీల్‌ని ఎప్పుడు వెయ్యాలో మనలో చాలామందికి తెలీదు. నాక్కూడా తెలీదు, ఒక దెబ్బ తగిలేవరకు.

రెండేళ్ల కిందట శ్రావణ మాసం. ముసురు పట్టి మూడు రోజులు. నాట్లు వేసిన మడికి ద్రవజీవామృతం ఇవ్వాలి. ట్రాలీలో 200 లీటర్ల డ్రమ్ములు 5 పెట్టాను, ఒక్కో దాంట్లో 150 లీటర్ల వరకు ఉంటుంది. మా చిన్నాన్న మడ్‌గార్డ్ మీద కూర్చున్నాడు. "గట్టు మీద జారుడుగా ఉంటది, రేపెళ్దాం" అన్నాడు. "ఫోర్ వీల్ చిన్నాన్నా, ఏటీ కాదు" అన్నాను. ఆయన నవ్వి, "ఏట్రా, నాలుగు చక్రాలూ తిరిగితే బురద భయపడిపోద్దేటి?" అన్నాడు.

ఫోర్ వీల్ వేస్తే గట్టు సాఫీగా ఎక్కేసింది. పైకి వెళ్లాక లివర్ తీసేశాను, ఇక దిగడమే కదా అని. పొలం వైపు దిగేచోట ఏటవాలు ఎక్కువ. బండి వేగం అందుకోగానే అలవాటుగా క్లచ్చీ బ్రేకూ కలిపి తొక్కాను. క్లచ్ తొక్కగానే ఇంజను పట్టు పోయింది. దానికి తోడు బ్రేకు పెడళ్లు రెంటినీ కలిపే గొళ్లెం వేసి లేదు. ముందు రోజు మడిలో ఒక్క బ్రేకుతో మలుపులు తిప్పి, అలాగే వదిలేశాను. నా కాలు కుడి పెడల్ మీదే పడింది. కుడి చక్రం బిగుసుకుంది, వెనక నుంచి ట్రాలీ తోసింది, డ్రమ్ముల్లో నీళ్లు ఒక్కసారిగా ముందుకి దూకాయి. ట్రాక్టర్ అడ్డం తిరిగిపోయింది. ట్రాలీ ఒక తాటిచెట్టుకి గుద్దుకుని ఆగింది గానీ, లేకపోతే ఇది రాయడానికి నేనుండేవాణ్ణి కాను.

చిన్నాన్న దూకేశాడు. మడమ ఎముక చిట్లింది. రెండు నెలలు మంచం మీదే. ఆ ఏడు నాట్ల తర్వాత పనంతా కూలీల మీద ఆధారపడి చేశాం, ఆ ఖర్చు వేరే. అది పెద్ద విషయం కాదు. ఆయన ఇప్పటికీ చలికాలం పొద్దున్న లేవగానే కుంటుతాడు, నేను చూస్తుంటాను.

డిప్లొమాలో ఫార్మ్ మెషినరీ చదివాను. బోర్డు మీద డిఫరెన్షియల్ బొమ్మ వేసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ బొమ్మ అర్థం తర్వాతే ఎక్కింది. ఫోర్ వీల్ కొత్తగా పట్టు పుట్టించదు. ఇంజను బలాన్ని రెండు చక్రాలకి బదులు నాలుగింటికి పంచుతుంది, అంతే. నేల ఎంత పట్టు ఇస్తే అంతే. బంక మీద పట్టు సున్నా అయితే సున్నాని నలుగురికి పంచినట్టు.

జీపుకీ, పికప్ బండికీ నాలుగు చక్రాలకీ బ్రేకులుంటాయి. ఫోర్ వీల్ వేసినా, వెయ్యకపోయినా ఆగే దూరం మారదు. ట్రాక్టర్ సంగతి వేరు. మన ట్రాక్టర్లలో బ్రేకు మామూలుగా వెనక చక్రాలకే ఉంటుంది, ట్రాలీకి చాలావరకు ఉండనే ఉండదు. అందుకే బరువుతో తడి ఏటవాలు దిగేటప్పుడు ఫోర్ వీల్ వేసే ఉంచాలి, లో గేరులో దిగాలి, క్లచ్ ముట్టుకోకూడదు. అప్పుడు ఇంజను బిగింపు ముందు చక్రాలకి కూడా అందుతుంది. నేను ఎక్కడానికి వేసి దిగడానికి తీసేశాను. సరిగ్గా తలకిందులు. ఇంత చేసినా బంక మరీ ఎక్కువైతే నాలుగు చక్రాలూ కలిసి జారతాయి, అది మర్చిపోవద్దు.

డ్రమ్ముల విషయం ఎవరూ చెప్పరు, మన సహజ వ్యవసాయం వాళ్లమే చెప్పుకోవాలి. యూరియా బస్తా కదలదు, జీవామృతం కదులుతుంది. సగమో ముప్పావో నిండిన డ్రమ్ము నిండు డ్రమ్ము కంటే ప్రమాదం, లోపల నీళ్లు ఊగడానికి చోటుంటుంది కాబట్టి. నింపితే మూతి వరకు నింపి మూత బిగించి తాళ్లతో కట్టండి. లేదా తడి రోజున రెండు డ్రమ్ములే తీసుకెళ్లండి. ఇప్పుడు నేనైతే వానాకాలం మొత్తానికి రెండు డ్రమ్ములు పొలం దగ్గరే పెట్టేశాను. పేడా మూత్రం బకెట్లతో మోసుకెళ్లి అక్కడే కలుపుతున్నాం. ఎకరానికి 200 లీటర్లు గట్టు మీద మోయడం ఎందుకు, నీళ్లు అక్కడే ఉండగా?

తారు రోడ్డు మీద తడిగా ఉందని ఫోర్ వీల్ వేసుకుని వెళ్లేవాళ్లని టెక్కలి రోడ్డులో చూస్తుంటాను. వద్దు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటి కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. బురదలో అయితే ఆ తేడా జారి సర్దుకుంటుంది. తారు మీద జారడానికి లేక గేర్ల మీద పడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, లివర్ వెనక్కి రాదు. ట్రాక్టర్లలో ముందు చక్రాలు కాస్త ఎక్కువ వేగంతో లాగేలా చేస్తారు, అందుకే తారు మీద ముందు టైర్లు తొందరగా అరిగిపోతాయి. గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద తొలి వాన పడితే పొడీ నూనే కలిసి సబ్బులా ఉంటుంది. అక్కడ కావలసింది తక్కువ వేగం, మంచి టైర్లు.

ఉద్దానం వైపు సోదరులకి బురద కంటే ఇసుక గొడవ ఎక్కువ. వజ్రపుకొత్తూరు, మందస కొబ్బరి తోటల్లో ఫోర్ వీల్ నిజంగా పనికొస్తుంది. ఇసుకలో దిగకముందే వెయ్యాలి, కూరుకుపోయాక వేస్తే ఇంకా లోతుకి తవ్వుకుంటుంది. టైర్లలో గాలి కొంచెం తగ్గించండి, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపండి. డిఫరెన్షియల్ లాక్ నేరుగా వెళ్లేటప్పుడే, మలుపులో వద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు అదే తోటల చెట్లు రోడ్లకి అడ్డంగా పడ్డాయి. అప్పుడు దారి తీసింది గొడ్డళ్లూ రంపాలే, ఏ బండీ కాదు.

ఇక నాకు కోపం తెప్పించే సంగతి. ఫోర్ వీల్ ఉందని తడి పొలంలోకి దిగిపోతున్నాం. దమ్ము మడి వేరు, అక్కడ బురద చెయ్యడమే పని. దానికి ఇనుప చక్రాలు కట్టిన టూ వీల్ ట్రాక్టరైనా చాలు. నవధాన్యాలు చల్లిన మెట్ట, జీడి తోట, కూరగాయల మళ్లు అలా కాదు. టూ వీల్ దిగబడి మనల్ని ఆపేది. ఫోర్ వీల్ ఆపదు, తడి నేల మీద తొక్కుకుంటూ వెళ్లిపోతుంది. ఏడాదంతా ఘనజీవామృతం వేసి, ఆచ్ఛాదన కప్పి, వానపాముల కోసం ఎదురుచూసి, ఒక్క మధ్యాహ్నంలో చక్రాల కింద నేలని అణిచేస్తాం. మొదటిసారి చక్రం వెళ్లినప్పుడే నేల ఎక్కువ అణుగుతుంది. తప్పదంటే ఒకే జాడలో వెళ్లి ఒకే జాడలో రండి, పొలమంతా తిరగకండి.

దిగొచ్చో లేదో చూడ్డానికి జానెడు లోతు నుంచి మట్టి తియ్యండి. పిడికిట్లో నొక్కి వేళ్ల మధ్య రుద్దితే తీగలా సాగిందంటే ఆగండి. పొడిగా విరిగితే దిగండి. పై మట్టి ఆరినట్టు కనిపించినా నమ్మొద్దు.

కొనాలా అని అడిగారు కదా. జపాన్‌లో వరి మళ్లలో తిరిగే చిన్న ట్రాక్టర్లు ఎక్కువ భాగం ఫోర్ వీలే, వాళ్ల నేలకి అది అవసరం. నాకు టూ వీల్ కంటే లక్ష పైన ఎక్కువ పడింది, ఇంకా కిస్తీలు కడుతున్నాను. మీది మూడు నాలుగు ఎకరాలైతే, దమ్ముకి అద్దె ట్రాక్టర్ దొరుకుతుంటే, ఆ లక్షతో ఒక ఆవుని కొని షెడ్డు వేసుకోండి. ఇసుక తోటలుండి రోజూ లోపలికి బండి వెళ్లాలంటే కొనండి, బాధపడరు.

మా గట్టు దిగేచోట ఇప్పుడు రాళ్ల పిక్క వేయించాను. చిన్నాన్న మడ్‌గార్డ్ మీద కూర్చోవడం మానేశాడు, నడిచే వస్తాడు, నాకంటే ముందే చేరతాడు. వచ్చే వీడియోలో పొలం దగ్గర కలుపుతున్న డ్రమ్ములు, నీడ కోసం వేసిన తాటాకుల పందిరి చూపిస్తాను.