డ్రైవ్ పనిచేయడం వేరు, డేటా దక్కడం వేరు

పెళ్లి ఫొటోలు, పరిశోధక విద్యార్థి మూడేళ్ల కొలతలు, చిన్న వ్యాపారి లెక్కలు... ఇవాళ ఇవన్నీ అరచేతిలో పట్టే ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఉంటున్నాయి. ఓ రోజు దాన్ని కంప్యూటరుకు తగిలిస్తే తెర మీద ఏమీ కనిపించదు. లేదా, డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అనే ప్రశ్న ఎదురవుతుంది. కంగారులో 'సరే' నొక్కేవాళ్లు ఎందరో. అప్పటిదాకా భద్రంగా ఉన్న డేటాకు కూడా అసలు ముప్పు అక్కడే మొదలవుతుంది.

'కంప్యూటర్ గుర్తించడం లేదు' అన్న ఒక్క మాట వెనుక మూడు వేర్వేరు మెట్లున్నాయి. డ్రైవుకు కరెంటు అందాలి. అది కంప్యూటరుతో మాట కలపాలి. ఆ తర్వాత అందులోని ఫైళ్ల అమరిక కంప్యూటరుకు అర్థం కావాలి. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలుసుకోకుండా చేసే వైద్యం రోగం తెలియకుండా మందు వేయడమే.

మొదటిది కరెంటు. సాధారణ యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టుల వద్ద 500 మిల్లీఆంపియర్లు, యూఎస్‌బీ 3.0 పోర్టు 900 మిల్లీఆంపియర్లు ఇవ్వాలని ప్రమాణం. హార్డ్ డిస్కులోని మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగుతుంది. సన్నని, పొడవైన కేబుల్ నిరోధం అర ఓమ్ ఉందనుకుంటే, 0.9 ఆంపియర్ల వద్ద 0.45 వోల్టు దారిలోనే పోతుంది. దీపం వెలిగినా డిస్కు తిరగలేక ఆగిపోవడానికి ఇది చాలు. పొట్టి కేబుల్, డెస్క్‌టాప్ వెనుక వైపు పోర్టు, సొంత అడాప్టరున్న హబ్ ఇక్కడ పనికొస్తాయి. 3.5 అంగుళాల పెద్ద డ్రైవులకైతే ముందు వాటి అడాప్టరునే అనుమానించాలి.

రెండోది సంభాషణ. డ్రైవును తగిలించగానే కంప్యూటర్ దాని ఉనికిని పసిగట్టి, ఒక సంఖ్యను చిరునామాగా ఇచ్చి, 'నువ్వెవరు?' అని అడుగుతుంది. జవాబు సరిగా రాకపోతే పరిచయం అక్కడితో ఆగిపోతుంది. ఫోన్ ఛార్జింగ్‌ కోసమే తయారైన కొన్ని కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. అలాంటి కేబులుతో దీపం వెలుగుతుంది కానీ మాట కలవదు.

మూడోది భాష. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డ్రైవ్ కనిపిస్తూ దానికి అక్షరం మాత్రమే లేకపోతే, ఒక అక్షరం కేటాయిస్తే సరిపోవచ్చు. మ్యాక్‌లో వాడే ఏపీఎఫ్‌ఎస్, లినక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతుల్లో సిద్ధం చేసిన డిస్కును విండోస్ నేరుగా చదవలేదు. అప్పుడు డిస్కు చెడిపోయినట్టు కాదు. ఇంతకుముందు పనిచేసిన కంప్యూటరుకే దాన్ని తగిలించి చూడాలి. 'ఇనిషియలైజ్' చేయమని అడిగినా, ఫార్మాట్ చేయమని అడిగినా జవాబు ఒక్కటే: వద్దు.

ఈ వెతుకులాటకు ప్రయోగశాల నియమమే వర్తిస్తుంది: ఒకసారికి ఒక్కటే మార్చాలి. అదే డ్రైవ్, వేరే కేబుల్. అదే కేబుల్, వేరే డ్రైవ్. ఆ తర్వాత వేరే కంప్యూటర్. అన్నీ ఒకేసారి మార్చితే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తేలదు. బడిలో చెప్పే కంప్యూటర్ పాఠాల్లో ఈ అలవాటుకూ చోటుండాలి.

ఎప్పుడు ఆగాలో తెలియడం కూడా అంతే ముఖ్యం. హార్డ్ డిస్కు నుంచి టక్‌టక్ మని శబ్దం వస్తుంటే వెంటనే తీసేయాలి. లోపల డేటా చదివే హెడ్లు తిరిగే పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే తేలుతుంటాయి. అవి దెబ్బతింటే మళ్లీ మళ్లీ ప్రయత్నించిన కొద్దీ ఉపరితలం గీసుకుపోవచ్చు. డిస్కు నిశ్శబ్దంగా తిరుగుతూ ఫైళ్లు మాత్రమే కనబడకపోతే, ముందు మొత్తం డిస్కుకు మరోచోట నకలు తీసి, ఆ నకలు మీద పనిచేయాలి. దొరికిన ఫైళ్లను అదే డిస్కులో దాచకూడదు.

ఫార్మాట్ చేస్తే చాలాసార్లు డ్రైవ్ మళ్లీ పనిచేస్తుంది కదా అనేవాళ్లున్నారు. నిజమే, పనిచేస్తుంది. కానీ యజమానికి కావలసింది డ్రైవా, అందులోనిదా? రిపేరుకు ఇచ్చేటప్పుడు ఈ మాట ముందే చెప్పకపోతే, బాగైన ఖాళీ డ్రైవ్ చేతికి రావచ్చు. తప్పంతా వాడేవారిదే అనడమూ న్యాయం కాదు. 'చదవలేకపోతున్నాను, ఇందులో మీకు కావలసినవి ఉన్నాయా?' అని ముందుగా అడగాల్సిన సాఫ్ట్‌వేర్, చెరిపేసే మార్గాన్నే మొదట చూపిస్తోంది. ఈ తీరు మారాలి.

అన్నిటికంటే పెద్ద అపోహ ఒకటుంది. ల్యాప్‌టాప్‌లో చోటు చాలక ఫైళ్లను ఎక్స్‌టర్నల్ డ్రైవులోకి తరలించి, దాన్నే బ్యాకప్ అనుకోవడం. అది ఉన్న ఒక్క ప్రతినీ చోటు మార్చడమే. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే ఊళ్లోనో క్లౌడ్‌లోనో ఉంచడం చాలాకాలంగా నిలిచిన సూత్రం. ప్రజాధనంతో సేకరించిన కొలతలు ఒక విద్యార్థి సంచిలోని ఒక్క డిస్కు మీద ఆధారపడకుండా చూడటం పరిశోధన సంస్థల బాధ్యత. ఇంట్లో ఫొటోలకైనా, ప్రయోగశాలలో ఫలితాలకైనా రెండో ప్రతి ఉంటే, డ్రైవ్ కనిపించని రోజు చిన్న చికాకుతో గడిచిపోతుంది.