టమాటా అడుగు నల్లబడిందా? గుడ్డు పెంకు కంటే ముందు నీళ్లు చూడండి



కుండీలో టమాటా కాయ అడుగున నల్ల మచ్చ పడితే చాలు, "కాల్షియం లోపం, గుడ్డు పెంకుల పొడి వేయండి" అంటున్నారు. ఆకు పసుపు తిరిగితే "ఎప్సం సాల్ట్ పోయండి" అంటున్నారు. రెండూ వారం వారం పోసేవాళ్లూ ఉన్నారు. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఇవి అవసరం పడ్డప్పుడు వేసే మందులే గానీ, రోజూ పెట్టే అన్నం కాదు. కుండీలో ఉండేదే కొంచెం మట్టి. అందులో ఏది ఎక్కువైనా దెబ్బ త్వరగా కనబడుతుంది.

ముందు ఆ నల్ల మచ్చ సంగతి చూద్దాం. కాల్షియం మొక్కలో నీళ్లతో పాటే పైకి ఎక్కుతుంది. ఆకుల్లోంచి నీరు బాగా ఆవిరవుతుంది కాబట్టి ఎక్కువ భాగం అటే పోతుంది, కాయకు వెళ్లేది తక్కువ. ఏప్రిల్ ఎండకు కుండీ మధ్యాహ్నానికే ఎండిపోయి, సాయంత్రం ఒకేసారి బకెట్ నీళ్లు కుమ్మరిస్తే, మట్టిలో కాల్షియం ఉన్నా కాయ చివరిదాకా అందదు. నేను చూసిన కుండీల్లో ఎక్కువ వాటికి జబ్బు ఇదే. ఎండుగడ్డో, ఎండుటాకులో రెండు మూడు అంగుళాల మందాన ఆచ్ఛాదన వేసి, ఉదయం పూట తప్పకుండా నీళ్లిస్తే తర్వాత వచ్చే కాయలు బాగుంటాయి. మచ్చ పడ్డ కాయ మాత్రం మళ్లీ బాగుపడదు, తెంపేయండి.

రెండోది, మీరు పోసే నీళ్లేమిటి? బోరు నీళ్లలో పప్పు ఉడకకపోతే, సబ్బు నురగ రాకపోతే, బకెట్ అంచున తెల్లటి పొర కడితే, ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ముందే ఉన్నాయి. అలాంటి ఇంట్లో మళ్లీ సీసాలో కాల్షియం తయారుచేయడం నాకు దండగ అనిపిస్తుంది. వాన నీళ్లు, ఆర్వో నీళ్లు పోసేవాళ్లకు, కోకోపీట్ ఎక్కువ కలిపిన కుండీలకు మాత్రం నిజంగానే అవసరం రావచ్చు. కోకోపీట్ ఈ రెండు పోషకాలనూ తనే పట్టి ఉంచుకుంటుంది.

అవసరం ఉంటే ఇలా చేసుకోండి. పెంకులో ఉండేది దాదాపు అంతా కాల్షియం కార్బొనేట్. పొడి చేసి మట్టిలో వేస్తే అది కరగడానికి నెలలు పడుతుంది. ఆ పొడి కంపోస్టుకే మంచిది. త్వరగా అందాలంటే పులుపు కావాలి. పది పెంకులు కడిగి, లోపలి పొర తీసేసి, ఆరబెట్టి, పెనం మీద కాస్త వేయించి నలపండి. అర లీటరు తెల్ల వెనిగర్‌లో కొంచెం కొంచెంగా వేయండి, బుస్సున పొంగుతుంది. గ్యాస్ వస్తుంది కాబట్టి మూత బిగించకుండా గుడ్డ కట్టండి. వారం పది రోజులకు బుడగలు ఆగిపోతాయి. అడుగున కొంత పెంకు మిగిలితే మంచిదే, పులుపు అంతా ఖర్చయిందని అర్థం. వడకట్టి లీటరు నీళ్లకు 2 నుంచి 5 మిల్లీలీటర్లు కలిపి మొదట్లో పోయండి. పూత, పిందె దశలో పదిహేను రోజులకోసారి చాలు. ఆకుల మీద కొట్టిన కాల్షియం అక్కడి నుంచి కాయలోకి దిగదు. నిమ్మరసంలోనూ పెంకు మెత్తబడుతుంది గానీ, దానితో ఏర్పడే కాల్షియం నీళ్లలో అంతగా కరగదు. అందుకే నేను వెనిగరే వాడతాను. పొంగు ఎలా ఉంటుందో, ఎప్పుడు వడకట్టాలో వీడియోలో చూపించాను.

ఇక మెగ్నీషియం. లోపం ముందు కింది ముదురు ఆకుల్లో కనబడుతుంది. ఈనెలు పచ్చగానే ఉండి, మధ్య భాగం పసుపు తిరుగుతుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. అరటి తొక్కల నీళ్లు, బూడిద అదే పనిగా పోస్తే పొటాష్ ఎక్కువై, ఉన్న మెగ్నీషియాన్ని వేరు తీసుకోలేదు. అలాంటి కుండీకి ముందు ఆ నీళ్లు ఆపాలి. ఆ తర్వాతా పసుపు పైకి పాకుతుంటే ఎప్సం సాల్ట్ లీటరుకు ఒకటి రెండు గ్రాములు, ఒక్కసారి ఇచ్చి రెండు వారాలు చూడండి. అది అంగడి సరుకే, ఇంట్లో చేసుకున్నదని చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ఇంటి మెగ్నీషియం కావాలంటే పచ్చి ఆకులు ఉన్నాయి. ఆకు పచ్చదనంలోనే మెగ్నీషియం ఉంటుంది కదా. గ్లిరిసీడియా, మునగ ఆకు కంపోస్టులో వేస్తే నెమ్మదిగా అందుతుంది.

కాయ అడుగు నల్లబడితే ఎప్సం సాల్ట్ పోయమనే సలహా మాత్రం దయచేసి వినకండి. మెగ్నీషియం ఎక్కువైతే కాల్షియానికే అడ్డుపడుతుంది, మచ్చ ఇంకా పెరుగుతుంది. ఈ రెండు చిక్కటి ద్రావణాలనూ ఒకే సీసాలో కలపకండి, జిప్సంలా అడుగున పేరుకుంటుంది. కనీసం వారం ఎడం ఉంచండి.

ప్రకృతి సేద్యం అంటే డబ్బా మందు మానేసి సీసా మందు పట్టుకోవడం కాదు. పోసే ముందు వేలు రెండు కణుపుల లోతు మట్టిలో పెట్టి తడి చూడండి. సగం జబ్బులకు జవాబు అక్కడే దొరుకుతుంది.